ఆ ఫొటోలో ఉన్నాయన మీ క్లాసులో ఎవరికి ఏమవుతారు?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్పే టీచరుగారు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వెయ్యవద్దన్నారు. ఆరు పేజీలు రాశారు. ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆవిడకి ముప్పై మూడేళ్లు. పుట్టి పెరిగింది విజయనగరంలో. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ బొమ్మలతోనే పాఠం చెబుతున్నారు. "నా చిన్నప్పుడు మా టీచరు గోడకి తగిలించిన గుండె చార్టు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. బొమ్మ లేకుండా నేను ఏ పాఠమూ మొదలుపెట్టను" అని రాశారు. క్లాసులో ఐఎఫ్‌పీ ప్యానెల్ (టీవీ లాంటి పెద్ద టచ్ తెర) బిగించాక ఆ ఉత్సాహం రెట్టింపైంది.

పోయిన నెలలో పదో తరగతికి విసర్జన పాఠం చెప్పారు. మూత్రపిండం బొమ్మ అయ్యాక, డయాలసిస్ అంటే ఏమిటో చెప్పడానికి నెట్‌లో దొరికిన ఒక ఫొటో పెట్టారు. మంచం మీద ఒక మనిషి, లోపలికి పోయిన కళ్లు, ముంజేతికి రెండు గొట్టాలు. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి ఎప్పుడో వచ్చిన వార్తలోది ఆ ఫొటో. "మన నీళ్లు తాగితే ఏమవుతుందో చూశారా?" అన్నారు. క్లాసులో చప్పుడు లేదు. వెనక బెంచీలో ఒక కుర్రాడు పక్కవాడితో "ఒరేయ్, మీ పెదనాన్నరా" అన్నాడు. ఆ పక్కవాడు లేచి, అడగకుండానే బయటికి వెళ్లిపోయాడు. పుస్తకాల సంచీ బెంచీ మీదే ఉండిపోయింది.

ఫొటోలో ఉన్నాయన నిజంగానే వాడి పెదనాన్న. రెండేళ్ల క్రితం పోయారు. వాడి నాన్న ఇప్పుడు అదే జబ్బుతో డయాలసిస్‌కి తిరుగుతున్నాడు. ఈ సంగతి టీచరుగారికి ఆ సాయంత్రం గాని తెలియలేదు.

అక్కడితో ఆగలేదు. ఆ క్లాసు జరుగుతుండగా తోటి టీచరు ఒకరు ప్యానెల్ కనబడేలా ఫొటో తీసి స్కూలు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అది ఊళ్లోకి పాకింది. మర్నాడు ఆ కుర్రాడి తల్లి బడికి వచ్చింది. కేకలు వెయ్యలేదు. వరండాలో నిలబడి ఒక్క మాట అడిగింది: "సచ్చిపోనాక కూడా మా బావగారిని ఆ మంచం మీంచి లేవనివ్వరేటమ్మా?"

పదకొండు రోజులుగా పిల్లాడు బడికి రావడం లేదు. పుస్తకంలో ఉన్న బొమ్మలు తప్ప ప్యానెల్ మీద ఇంకేమీ పెట్టవద్దని హెడ్మాస్టరుగారు చెప్పేశారు. "ఉన్నదే చూపించావు, నీ తప్పేముంది?" అని కొందరు టీచర్లు ధైర్యం చెబుతున్నారు. ఆవిడని అన్నిటికన్నా ఎక్కువ కలవరపెడుతున్నది వేరే ఉంది. ఆ రోజు తర్వాత క్లాసు మారిపోయింది. ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు ప్రశ్నలు అడుగుతున్నారు. ముగ్గురు ఆడపిల్లలు ఇంట్లో బోరు నీళ్లు తాగడం మానేశారు. "అంత బాగా ఎప్పుడూ పాఠం చెప్పలేదనిపించింది మాస్టారూ. అలా అనిపించినందుకు నామీద నాకే అసహ్యం వేస్తోంది. బొమ్మలు మానెయ్యాలా? ఆ పిల్లాడి ఇంటికి వెళ్లాలా, వద్దా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని ముగించారు.

అమ్మా,

మీ క్లాసు మేలుకుంది. ఒక పిల్లాడు గాయపడ్డాడు. రెండూ ఒకే నిమిషంలో, ఒకే బొమ్మ వల్ల జరిగాయి. అంతమంది నేర్చుకున్నారు కదా అని ఆ పిల్లాడి సంగతిని చిన్నది చెయ్యకండి. వాడు బాధపడ్డాడు కదా అని మిగతా పిల్లలు నేర్చుకున్నదంతా పాపమని కూడా అనుకోకండి. ఆ క్షణంలో మీకు కలిగిన సంతోషం గురించి దాచకుండా రాశారు. అది నాకూ తెలిసిన సంతోషమే. అందుకే ముందు నా సంగతి ఒకటి చెబుతాను.

1990ల్లో నేను విజయనగరం జిల్లాలో ఒక హైస్కూల్లో సైన్సు చెబుతుండేవాణ్ని. భోపాల్ గ్యాస్ దుర్ఘటన మీద ఒక పత్రికలో వచ్చిన ఫొటోని కత్తిరించి అట్టకి అంటించుకున్నాను. మీరూ చూసే ఉంటారు. మట్టిలో పూడుస్తున్న పసిబిడ్డ ముఖం, తెరిచి ఉన్న కళ్లు, నుదుటి మీద మట్టి తుడుస్తున్న ఒక చెయ్యి. రఘు రాయ్, పాబ్లో బార్తొలోమ్యూ ఇద్దరూ ఆ బిడ్డను ఫొటో తీశారు. నేను ఆ అట్టను బల్ల మీద నిలబెట్టి ఏమీ మాట్లాడకుండా ఊరుకున్నాను. క్లాసు క్లాసంతా బిగుసుకుపోయింది. ఇద్దరు పిల్లలు ఏడ్చారు. ఆ నిశ్శబ్దాన్ని చూసి, ఇక వీళ్లు జన్మలో మరిచిపోరు అనుకుని గర్వంగా ఇంటికి వెళ్లాను.

పదిహేనేళ్ల తర్వాత ఆ క్లాసులోని ఒకడు విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో కనబడ్డాడు. టీ తాగుతూ తనే ఆ ఫొటో ప్రస్తావన తెచ్చాడు. "ఆ కళ్లు ఇప్పటికీ కలలోకొస్తాయి మాస్టారూ" అన్నాడు. మరుక్షణం "అది ఏదో భూకంపం కదండీ?" అని అడిగాడు.

నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. మట్టిలో పాతిన బిడ్డ కాబట్టి భూకంపం అనుకున్నాడు. 1984 డిసెంబరు 2 రాత్రి తెల్లవారితే 3వ తేదీ అనగా పురుగుమందుల కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసయనేట్ అనే విషవాయువు ఎలా బయటికొచ్చిందో, ఊరు నిద్రలో ఉండగా ఏం జరిగిందో నేను చెప్పాను. కాని బొమ్మ చూపించాక చెప్పాను. అప్పటికి వాళ్ల చెవులు మూసుకుపోయాయి. బొమ్మ పాఠాన్ని మింగేసింది. వాడికి పదిహేనేళ్ల పాటు కళ్లు మిగిలాయి, కారణం మిగల్లేదు.

మీ క్లాసులో నిశ్శబ్దం కూడా అలాంటిది కావచ్చు. దాన్ని వెంటనే చదువు కింద లెక్క వెయ్యకండి. ఆ ముగ్గురు ఆడపిల్లలను రేపే పిలిచి, బోరు నీళ్లు మానేసి ఏం తాగుతున్నారో అడగండి. క్యాను నీళ్లు కొనే స్తోమత ఇంట్లో ఉందా? లేక అసలు నీళ్లే తగ్గించేశారా? మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని బడిలో చుక్క నీళ్లు తాగని ఆడపిల్లలు మన దగ్గర ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. భయంతో వాళ్లు ఇంకా తక్కువ తాగుతుంటే కిడ్నీలకు మనమే చేటు చేసినవాళ్లమవుతాం. సిగరెట్ పెట్టె మీద 2016 నుంచి 85 శాతం మేర హెచ్చరిక బొమ్మే ఉంటోంది. దాన్ని చూసి భయపడ్డ పెద్దమనిషికి పెట్టె అవతల పారేసే దారి ఒకటుంది. ఇంటికి ఉన్నది ఒక్క బోరే అయినప్పుడు పదిహేనేళ్ల పిల్ల భయపడి ఏం చేస్తుంది?

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెబుతాను. "మన నీళ్లు తాగితే" అన్నారు మీరు. ఉద్దానంలో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో, కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. నీళ్లలో ఉన్నవాటిని పరీక్షిస్తున్నారు. ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పనిచెయ్యడం, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశంలో వచ్చే లక్షణాలు, ఇలా చాలా వాటి మీద అనుమానాలున్నాయి. తేలనిదాన్ని మీరు ఒక్క మాటలో తేల్చేశారు, ఆ మాటకి ఆ ఫొటో సాక్ష్యం పలికింది. ఫొటోకి ఉన్న శక్తి అలాంటిది. అందులో జబ్బుమనిషి తప్ప కారణం కనబడదు. అయినా పక్కన మనం ఏ మాట పెడితే ఆ మాటే రుజువైపోయినట్టుంటుంది. సైన్సు టీచరుగా ముందుగా సరిదిద్దుకోవలసింది ఇదే. "మొన్న నేను తొందరపడి చెప్పాను. శాస్త్రవేత్తలు ఇంకా వెతుకుతున్నారు. మీలో ఎవరైనా రేపు అది కనిపెట్టొచ్చు" అని క్లాసులో చెప్పండి. మీ మీద గౌరవం ఏమీ తగ్గదు.

ఇక ఆ తల్లి అడిగిన మాట. ఈ పదకొండు రోజుల్లో దాన్ని మీరు వంద సార్లు తలచుకుని ఉంటారు. అందులో కోపం కన్నా వేరే ఏదో ఉందని నాకనిపిస్తోంది.

మన ఇళ్లలో ఫొటో అంటే ఏమిటో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మనిషి పోయాక, ఉన్న ఫొటోల్లో బాగున్నది వెతికి, పెద్దది చేయించి, పటం కట్టిస్తాం. బొట్టు పెట్టి దండ వేస్తాం. బతికున్నవాళ్ల ఫొటోకి పొరపాటున దండ తగిలినా గబుక్కున తీసేస్తాం. ఫొటో వట్టి కాగితమే అయితే అంత ఉలుకెందుకు? సీతంపేట కొండల్లో సవర గిరిజనులు పోయినవాళ్ల కోసం గోడ మీద బియ్యప్పిండితో బొమ్మ వేసుకుంటారు. పోయినవాళ్లకు ఇంట్లో ఒక చోటు ఇవ్వడం అది. మన దండ వేసిన పటం కూడా అంతే. ఆ కుర్రాడి ఇంట్లో వాళ్ల పెదనాన్న పటం ఒకటి ఉండే ఉంటుంది. ఏ పెళ్లిలోనో తీసిన ఫొటో అయ్యుంటుంది, ఇస్త్రీ చొక్కాతో, నవ్వు ముఖంతో. రెండేళ్లు కష్టపడి ఆ ఇల్లు ఆయన్ని మంచం మీంచి లేపి గోడ మీద నిలబెట్టుకుంది. మీ ప్యానెల్ మీద ఆయన మళ్లీ గొట్టాలతో పడుకుని కనబడ్డారు. ఆ తల్లి అడిగింది అదే. పైగా అలాంటి మంచం మీదే ఇప్పుడు తన భర్త ఉన్నాడు.

1972 జూన్ 8న వియత్నాంలో బాంబుల మంటలకి ఒళ్లు కాలి, బట్టల్లేకుండా రోడ్డు మీద ఏడుస్తూ పరిగెత్తిన తొమ్మిదేళ్ల పిల్ల ఫొటో ప్రపంచమంతా చూసింది. యుద్ధం ఎంత ఘోరమో చెప్పడానికి ఎన్నో దేశాల్లో ఆ ఫొటోని చూపించారు, ఇప్పటికీ చూపిస్తున్నారు. ఆ పిల్ల పేరు కిమ్ ఫుక్. బతికింది. కెనడాలో స్థిరపడింది. యుద్ధంలో దెబ్బతిన్న పిల్లల కోసం ఒక సంస్థ పెట్టింది. ఆ ఫొటో తీసిన యాభై ఏళ్లకు, 2022లో, తాను ఇక ఆ ఫొటోలోని పిల్లను కానని ఒక వ్యాసం రాసింది. చాలాకాలం ఆ ఫొటోని అసహ్యించుకుని, తర్వాత దానితో రాజీపడి బతికిన మనిషి మాట అది. ఆ ఫొటో వల్ల లోకానికి మేలు జరిగింది, నిజమే. ఆవిడ మాత్రం అందులోంచి బయటపడటానికి ఒక జీవితం పట్టింది.

"ఉన్నదే చూపించావు" అంటున్న మీ తోటి టీచర్లకు నా జవాబు ఇదే. ఉన్నది ఎవరిది? మీ బడిలో ఆ జబ్బు గురించి తెలియనిది బయటి ఊళ్ల నుంచి వచ్చిన టీచర్లకే. పిల్లలకు అది ఇంటి సంగతి. ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస తోటలు తలుచుకుని పెట్టుకున్న పేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కూలిన కొబ్బరిచెట్ల ఫొటోలు వచ్చాయి. మిగతా కాలమంతా మంచం మీద ఉన్నవాళ్ల ఫొటోలే. తోట బొమ్మ పోయి మంచం బొమ్మ మిగిలింది. మీ పిల్లలు పెద్ద చదువులకు శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్తే, ఊరి పేరు చెప్పగానే ఎదుటివాళ్ల కళ్లలో ఆ మంచం కనబడుతుంది. పెళ్లి సంబంధాల మాట మీరే ఉత్తరంలో రాశారు. బయటివాళ్లు చూసినట్టే బడి కూడా తమను చూస్తే, ఆ పిల్లలు ఇంకెక్కడికి పోతారు?

ఇలా అంటున్నానని బొమ్మలు మానెయ్యమంటున్నానని అనుకోకండి.

మొదటి దారిలో, హెడ్మాస్టరుగారు చెప్పినట్టు పుస్తకంలో గీతల బొమ్మలకే పరిమితం కావచ్చు. ఎవరూ నొచ్చుకోరు, నిలదియ్యడానికి ఎవరూ బడికి రారు, మార్కులూ వస్తాయి. కాని ఏ ఊళ్లో నలుగురు డయాలసిస్‌కి వెళ్తున్నారో ఆ ఊళ్లోనే, ఆ పాఠం ఎవరికీ సంబంధం లేనట్టు గడిచిపోతుంది. మన ఇంటి కష్టం బడిలో మాట్లాడకూడని సంగతి అని పిల్లలు నేర్చుకుంటారు. పైగా గీతల బొమ్మ అబద్ధం ఆడదనీ లేదు. ధమని ఎరుపు, సిర నీలం రంగు వేసి చూపిస్తాం కదా, సగం మంది పిల్లలు సిరల్లో నీలం రక్తం పారుతుందని నమ్ముతారు. నేను చెప్పిన అన్ని ఏళ్లలోనూ ఆ ప్రశ్న రాని సంవత్సరం లేదు.

రెండో దారి, ఫొటోలు చూపిస్తూనే జాగ్రత్తపడటం. మీ చుట్టుపక్కల ఊళ్ల మనిషి ముఖం అసలు వద్దు. వేరే ఎక్కడి ఫొటో అయినా, పెట్టేముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ బొమ్మలో ఉన్నాయన నా క్లాసులో ఎవరికి ఏమవుతారు? మేనమామ కావచ్చు, తాత కావచ్చు, అచ్చం నాన్నలా ఉండొచ్చు. ముందు రోజే "రేపు ఆసుపత్రి ఫొటో ఒకటి చూపిస్తాను, చూడలేమనుకున్నవాళ్లు లైబ్రరీలో కూర్చోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు" అనండి. ముందు పాఠం చెప్పండి, తర్వాత బొమ్మ పెట్టండి, పని అయిపోగానే తీసెయ్యండి. ప్యానెల్ మీద బొమ్మ అలా వెలుగుతూ ఉంటే, మీరు ఏం మాట్లాడినా వాళ్ల కళ్లు అక్కడే ఉంటాయి. అయితే ఒకటి. లైబ్రరీకి ఎవరు లేచి వెళ్లారో క్లాసంతా చూస్తుంది. ఎంత జాగ్రత్తపడినా ఈ దారిలో కొంత గుచ్చుకోవడం తప్పదు.

మూడో దారి మీద నాకు మక్కువ ఎక్కువ. దాని గురించి కొంచెం వివరంగా చెబుతాను.

మా తమ్ముడికి చివరి రెండేళ్లు డయాలసిస్ జరిగింది. వాడి ఎడమ ముంజేతిలో ధమనిని, సిరను కలిపి కుట్టారు. ఫిస్టులా అంటారు. ఆ చోట వేలు పెడితే జుమ్మని అదురుతుంది. ఆ అదురు ఉందో లేదో రోజూ చూసుకోమంటారు. ఆ చేత్తో బరువులు ఎత్తకూడదు, ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు. మా మనవరాలికి అప్పుడు ఆరేళ్లు. పొద్దున్నే వెళ్లి ఆ చేతికి చెవి ఆనించి, "తాతా, తుమ్మెద లేచింది" అని కేకేసేది. ఇంట్లో అందరికీ అదే మాట అయిపోయింది. తుమ్మెద బాగుందా, తుమ్మెద అరుస్తోందా అని అడిగేవాళ్లం. మా తమ్ముడి ఫొటో ఎవరైనా తీసి ఉంటే గొట్టాలు, వాచిన కాళ్లు కనబడేవి. ఆ తుమ్మెద కనబడేది కాదు.

మీ పిల్లాడికి కూడా అలాంటిదేదో తెలిసే ఉంటుంది. ఏ చేతికి బరువు ఇవ్వకూడదో, రోజుకి ఎన్ని నీళ్లు కొలిచి ఇవ్వాలో వాడికి నోటికొచ్చి ఉంటుంది. డయాలసిస్ గురించి మీ క్లాసులో అందరికన్నా ఎక్కువ తెలిసినవాడు వాడే. మీకన్నా కూడా. ఆ ఫొటో వాడిని తెలిసినవాడి స్థానంలోంచి తీసి, జాలిపడవలసినవాడి స్థానంలో కూర్చోబెట్టింది.

కాబట్టి మనిషి ముఖం లేకుండా, పిల్లల చేతుల్లోంచి వచ్చే బొమ్మలు ఏమున్నాయో చూడండి. మన రెండు కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్లు వడగడతాయని పుస్తకంలో ఉంది. పదో తరగతి పిల్లాడికి 180 అంటే ఒక అంకె. 20 లీటర్ల నీళ్ల క్యాన్లు మీ ఊళ్లో ప్రతి వీధిలోనూ ఉంటాయి. తొమ్మిది క్యాన్లు తెప్పించి వరండాలో వరసగా పెట్టించండి. ఒక్కో క్యానుని ఇద్దరిద్దరు పిల్లలు మోసుకురావాలి. పక్కన ఒక లీటరు సీసాలు రెండు పెట్టండి. "ఈ తొమ్మిదీ వడగట్టి, ఈ ఒకటి రెండు లీటర్లే బయటికి పంపి, మిగతాదంతా మళ్లీ రక్తంలోకి పంపుతుంది. రోజూ. నువ్వు నిద్రపోతున్నా సరే" అని చెప్పండి. నేను ఇలా నీళ్ల బిందెలతో చేయించినప్పుడు ఒక పిల్ల తన నడుం వెనక చెయ్యి పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. తన ఒంట్లో అంత పని జరుగుతోందని దానికి అప్పుడే తెలిసింది. బొమ్మకి ఉండే శక్తి అదీ. భయమూ లేదు, జాలీ లేదు, కళ్లు మాత్రం పెద్దవయ్యాయి.

కిడ్నీ ఆకారం గియ్యమంటే మీ పిల్లలు చిక్కుడు గింజ కన్నా ముందు జీడిపప్పు గీస్తారు. గియ్యనివ్వండి. డయాలసిస్ దగ్గరికి వచ్చేసరికి రోగి ఫొటో బదులు మొదటి యంత్రం ఫొటో చూపించండి. విలెమ్ కోల్ఫ్ అనే డాక్టరు 1943లో, నెదర్లాండ్స్ జర్మన్ల ఆక్రమణలో ఉన్నప్పుడు దాన్ని తయారు చేశాడు. చెక్క బద్దలతో చేసిన పీపాకి, మాంసం కూరి అమ్మే సెల్లోఫేన్ గొట్టాన్ని చుట్టి, ఉప్పునీళ్ల తొట్టిలో తిప్పాడు. గొట్టంలో రోగి రక్తం తిరుగుతుంటే మలినాలు నీళ్లలోకి దిగేవి. మొదట్లో వచ్చిన రోగులు దాదాపు అందరూ చనిపోయారు. ఆయన మానలేదు. 1945లో 67 ఏళ్ల ముసలావిడ స్పృహలోకి వచ్చి, బతికి ఇంటికి వెళ్లింది. ఈ కథ విన్న పిల్లలకు ఆ యంత్రం చావుకి గుర్తుగా ఉండదు. నాన్న వెళ్లే చోట ఉన్నది అదే యంత్రానికి మనవడు అని తెలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

గుర్తులంటే జ్ఞాపకమొచ్చింది. మన ఊళ్లలో అంబేడ్కర్ విగ్రహం చూడండి. చేతిలో పుస్తకం, పైకెత్తిన వేలు. చదువు రాని కూలి తల్లి కూడా పిల్లాడిని ఆ విగ్రహం ముందు నిలబెట్టి "అలా చదువుకోవాలి" అంటుంది. ఆయన పడ్డ అవమానాలు చూపించే విగ్రహాన్ని ఏ పేటలోనూ పెట్టుకోలేదు. తమ పిల్లలకు ఏ బొమ్మ కావాలో ఆ పేటల వాళ్లు ఎంత ఆలోచించి ఎంచుకున్నారో!

ఈ మూడో దారిలోనూ ఒక గొయ్యి ఉంది. ఉత్సాహం కొద్దీ "మీ ఇంట్లో జబ్బు గురించి బొమ్మ గియ్యండి" అనకండి. అది అడిగి తెచ్చుకునేది కాదు. ఎవరైనా తనంతట తను తెస్తే పుచ్చుకోండి. దాన్ని గోడకి మాత్రం అంటించకండి, ఫొటో తీసి గ్రూపులో పెట్టకండి.

హెడ్మాస్టరుగారితో వాదనకు దిగవద్దు. ఆయన ఊరివాళ్లకు జవాబు చెప్పుకోవలసిన మనిషి. ఆయన మాట ప్రస్తుతానికి ఒప్పుకుని, కొన్నాళ్లు పోయాక ఈ క్యాన్ల పాఠం ఆయన్ని పిలిచి చూపించండి. మీరు ఇప్పుడే పోట్లాడితే ఒక రాతపూర్వక ఉత్తర్వు వస్తుంది, తర్వాత వచ్చే టీచర్లకు కూడా దారి మూసుకుపోతుంది.

పిల్లాడి ఇంటికి వెళ్లాలా అని అడిగారు. మీరు ఒక్కరే వెళ్లొచ్చు. అది మనసుకి దగ్గరగా ఉంటుంది. కాని ఆ తల్లికి ఇంకా కోపం ఉంటే నలుగురూ పోగయ్యే ప్రమాదం ఉంది. వాళ్ల వీధిలో తెలిసిన ఆయానో, ఆ ఊరి టీచరునో వెంటబెట్టుకు వెళ్తే గొడవ కాదు, కాని మాట పైపైనే ఉండిపోతుంది. ముందు కబురు చేసి, వాళ్లు రమ్మన్న రోజు వెళ్లడం నా దృష్టిలో మెరుగు. రావద్దంటే ఆగండి. చిన్న ఉత్తరం రాసి పంపండి. డయాలసిస్ రోజున మాత్రం వద్దు. ఆ రోజు తిరిగొచ్చిన మనిషికి కళ్లెత్తే ఓపిక కూడా ఉండదు.

వెళ్లాక, ఆ ఫొటో ఎందుకు పెట్టారో వివరించకండి. "ఆయన ఎవరో కనుక్కోకుండా చూపించాను. తప్పయిపోయింది" అనండి, చాలు. గోడ మీద పటం ఉంటే, వాళ్లు ఒప్పుకుంటే దణ్ణం పెట్టుకోండి. ఆయన ఏం పని చేసేవారో, ఎలాంటి మనిషో అడగండి. ఇన్ని రోజుల్లో ఆయన జబ్బు గురించే అందరూ మాట్లాడి ఉంటారు. వాట్సాప్ ఫొటో సంగతి దాచకండి. వెళ్లేలోపు గ్రూపులోంచి తీయించండి. తీసిన టీచరుగారి చేత కూడా క్షమాపణ చెప్పించగలిగితే మంచిది. ఎవరి ఫోన్లలోనో ఇంకా మిగిలి ఉండొచ్చన్నది నిజం, ఆ నిజం కూడా చెప్పండి. పిల్లాడిని "రేపు బడికి వస్తావా?" అని అక్కడ అడగకండి. తల్లీతండ్రీ ముందు వాడు అవునంటే బలవంతం, కాదంటే అవమానం. వారం తర్వాత కూడా రాకపోతే, పదో తరగతి పరీక్షల మాట తండ్రితో విడిగా మాట్లాడండి. తను మంచాన పడి కొడుకు చదువు ఆగడం ఏ తండ్రికీ ఇష్టం ఉండదు.

వాడు వచ్చిన రోజున నిలబెట్టి స్వాగతాలు చెప్పకండి. హాజరు పిలిచి పాఠం మొదలుపెట్టండి.

"మీ పెదనాన్నరా" అన్న కుర్రాడి గురించి మీ ఉత్తరంలో ఒక్క వాక్యమే ఉంది. వాడు కూడా పదకొండు రోజులుగా ఖాళీ బెంచీ పక్కన కూర్చుంటున్నాడు. ఆ మాట అననిదే బాగుండునని వాడూ అనుకుంటూ ఉంటాడు. వాడిని పిలిచి, పొరపాటు మీదని చెప్పండి. నోట్సు పట్టుకెళ్లి స్నేహితుడికి ఇచ్చి రమ్మని వాడికి పని అప్పజెప్పండి.

పిల్లాడి సంచీ స్టాఫ్ రూం బీరువాలో దాచానని రాశారు. మీరు వెళ్లేటప్పుడు దాన్ని ఇంటికి తీసుకెళ్లవద్దు. సంచీ ఇంటికి వస్తే పేరు కొట్టేశారనుకుంటారు. బీరువాలోంచి తీసి, ఆ మాట అన్న కుర్రాడి చేతే మళ్లీ పిల్లాడి చోట పెట్టించండి.